కొండ కడుపులో దాగిన సరస్సు

మస్కట్‌లో ఫజ్ర్ నమాజు ముగించుకొని, ఆకాశం తెల్లబడుతున్న వేళకు మేము బయలుదేరాము. ఆ రోజు శనివారం. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవు దినాలు. కారులో మేమిద్దరం, మా పిల్లలిద్దరు, ఊరి నుండి వచ్చి నెల రోజులుగా మాతో ఉంటున్న మా అమ్మీ. తెల్లవారుజామున ఆమె స్వయంగా చేసిన ఉగ్గాణి ఒక డబ్బాలో వెచ్చగా ఉంది. ఆమె తిరుగు ప్రయాణానికి ఇక తొమ్మిది రోజులే మిగిలాయి.

ఆ తొమ్మిది రోజుల లోపల తేలవలసిన విషయం ఒకటి మా ఇంట్లో ఉంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల ప్రాంతంలో అమ్మీ పేరున నాలుగు ఎకరాల చేను, అందులో ఒక బావి ఉన్నాయి. అబ్బా తమ నికాహ్ నాటి మహర్ బాకీని తీర్చడానికి, నాపరాళ్ళ గనిలో ఇరవై ఏళ్ళు పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఆ చేనును కొని ఆమె పేరున రాయించారు. ఆ నేల కింద కూడా నాపరాయి ఉంది. గని తవ్వుకునేవారు మూడుసార్లు అడిగారు, మంచి ధర చెప్పారు. తమ్ముడి నెత్తిన ఇంటి అప్పు ఉంది. సేద్యం చేసే మనిషి లేడు. అమ్మివేయడమే మేలని మేమూ, తమ్ముడూ కలిసి అమ్మీకి చెబుతూ వచ్చాము. ఒప్పంద పత్రం ఆమె పెట్టెలోనే ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

ఆమె కాదనలేదు. అవునని కూడా అనలేదు. మేము మళ్ళీ అడగడానికి తగిన సమయం కోసం చూస్తున్నాము. ఈ విహారయాత్రలో అటువంటి సమయం దొరుకుతుందని మనసులో అనుకున్నామని దాచకుండా చెప్పవలసి ఉంది.

కొండల దారిలో

మస్కట్ నుండి నిజ్వా వైపు సాగే రహదారి హజర్ పర్వతాలను చీల్చుకొని లోపలికి వెళుతుంది. ఇరువైపులా కొండల మీద ఒక్క చెట్టు కూడా కనిపించదు. గోధుమ, బూడిద రంగుల రాతి పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటాయి. అమ్మీ కిటికీలోంచి చాలాసేపు చూసి, "ఇవన్నీ బండలే కదా నాయనా! మీ అబ్బా చూసి ఉంటే ఏ పొర ఎక్కడ ఊడివస్తుందో కారులో కూర్చొనే చెప్పేవారు" అన్నది.

నిజ్వా దాటి, అల్ హమ్రా పట్టణానికి చేరువలో, ఒమన్‌లోని అత్యంత ఎత్తయిన పర్వతం జబల్ షమ్స్ పాదాల వద్ద అల్ హూతా గుహ ఉంది. మస్కట్ నుండి సుమారు రెండు గంటల ప్రయాణం. ఈ గుహ మొత్తం పొడవు దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. అందులో అర కిలోమీటరు మేర మాత్రమే సందర్శకులకు అనుమతి ఉంది. 2006లో దీనిని ప్రజల కోసం తెరిచారు. తరువాత కొన్నేళ్ళు మూతబడి, 2016లో తిరిగి తెరుచుకున్నది.

అంతకుముందు రోజు శుక్రవారం. ప్రతి శుక్రవారం లాగానే అమ్మీ సూరె కహఫ్ పారాయణం చేసింది. అందుకే కాబోలు మా చిన్నవాడు దారిలో అడిగాడు: "దాదీ, మనం వెళ్ళేది ఆ గుహకేనా? ఆ యువకులు నిద్రపోయిన గుహకేనా?" అమ్మీ నవ్వి మా వైపు చూసింది. అది కాదని మేము చెప్పాము. ఆ విశ్వాసులైన యువకులు మూడు వందల ఏళ్ళకు పైగా నిద్రించిన గుహ ఏ ప్రాంతంలో ఉన్నదో దివ్య ఖుర్ఆన్ పేరు పెట్టి చెప్పలేదు. తుర్కియేలోని ఎఫెసస్ సమీపంలోనిదని కొందరు, జోర్డాన్‌లోని అమ్మాన్ సమీపంలోనిదని మరికొందరు చూపుతారు. స్థలం పేరు కన్నా ఆ గాథలోని గుణపాఠమే ముఖ్యమని పెద్దలు చెబుతూ వచ్చారు. పిల్లవాడికి ఆ జవాబు చాలలేదు. "అయితే ఈ గుహలో ఎవరు నిద్రపోతున్నారు?" అన్నాడు. దానికి మా వద్ద జవాబు లేదు.

సముద్రపు అడుగు కొండగా మారిన కథ

గుహ ప్రాంగణంలో భూగర్భ విశేషాలను వివరించే ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. మా వంతు వచ్చేలోగా అందులో తిరిగాము. అక్కడ తెలుసుకున్నదీ, తరువాత చదివినదీ కలిపి ఇక్కడ సంక్షిప్తంగా చెబుతాము. ఈ సంగతి తెలియకుండా గుహలోకి దిగితే రంగు దీపాల కాంతిలో వింత ఆకారాలు చూసి రావడమే అవుతుంది.

ఈ కొండల సున్నపురాయి సుమారు పది కోట్ల సంవత్సరాల క్రితం ఒక వెచ్చని సముద్రపు అడుగున ఏర్పడింది. గవ్వలు, నత్తగుల్లలు, కంటికి కనిపించనంతటి సూక్ష్మజీవుల పెంకులు కోట్ల ఏళ్ళపాటు అడుగుకు చేరి, గట్టిపడి, రాయిగా మారాయి. తరువాత భూమి పొరలు ఒకదానినొకటి నెట్టుకోగా ఆ సముద్రపు అడుగే పైకి లేచి పర్వతమైంది. నేడు సముద్రమట్టానికి వేల అడుగుల ఎత్తున ఉన్న రాళ్ళలో గవ్వల గుర్తులు కనిపించడానికి కారణం ఇదే.

సున్నపురాయి చూడటానికి ఎంత దృఢమైనదో నీటి ముందు అంత మెత్తనిది. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి ఇంకి, రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వెంట్రుకవాసి పగులు వేల సంవత్సరాలకు వేలెడు వెడల్పవుతుంది. లక్షల సంవత్సరాలకు మనిషి నిలువుగా నడవగలిగేంత సొరంగమవుతుంది. అల్ హూతా గుహ వయసు ఇరవై లక్షల సంవత్సరాలకు పైబడినదని అంచనా.

కరిగించిన నీరే తిరిగి కట్టడం కూడా చేస్తుంది. సున్నం కలిసిన బొట్టు గుహ కప్పు నుండి వేలాడుతూ ఉండగా, దానిలోని వాయువు గాలిలో కలిసిపోతుంది. అప్పుడు సున్నం ఆ చోటనే పలుచని పొరగా పేరుకుంటుంది. ఆ పొరలు కప్పు నుండి మర్రి ఊడల వలె కిందికి దిగుతాయి. కింద పడిన బొట్టులోని మిగిలిన సున్నం నేల మీద మొలక వలె పైకి లేస్తుంది. కొన్ని చోట్ల పైనుండి దిగిన ఊడ, కింది నుండి లేచిన మొలక కలిసి స్తంభమవుతాయి. వీటి ఎదుగుదల ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉన్నా, ఏటా మిల్లీమీటరులో పదవ వంతు అనుకుంటే, ఒక అంగుళం పెరగడానికి రెండున్నర శతాబ్దాలు కావాలి. మా చిన్నవాడి ఎత్తు పెరగడానికి పన్నెండు వేల ఏళ్ళు!

గుహలోకి

మేము వెళ్ళిన రోజున లోపల ఛాయాచిత్రాలు తీయనివ్వలేదు. ఫోన్లను, కెమెరాలను బయట భద్రపరచి వెళ్ళాము. పిల్లలు కొంత నిరుత్సాహపడ్డారు. అయితే చేతిలో ఫోను లేనందువల్లనే ఆ రోజు మేమంతా ఒకే వైపు చూశామని తరువాత అర్థమైంది.

ప్రాంగణం నుండి గుహ ముఖద్వారం వరకు ఒక చిన్న విద్యుత్ రైలు మమ్మల్ని తీసుకువెళ్ళింది. అక్కడి నుండి నడక. మెట్లు చాలా ఉన్నాయని, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ఆలోచించుకోవాలని మార్గదర్శి ముందే హెచ్చరించాడు. అతడు స్థానిక ఒమనీ యువకుడు. హిందీ చక్కగా మాట్లాడుతున్నాడు. అమ్మీ వైపు చూసి, "మాజీ, మీరు ఇక్కడ కూర్చుంటారా?" అని గౌరవంగా అడిగాడు. అమ్మీకి అరవై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. మేము కూడా కూర్చోమన్నాము. ఆమె మనుమడి భుజం పట్టుకొని, "నలభై ఏళ్ళు గని గట్టు మీదకు మీ అబ్బాకు సద్ది మోసినదాన్ని. మెట్లు ఉన్న గుంతలోకి దిగలేనా?" అన్నది. ఆ మాటతో చర్చ ముగిసింది.

బయటి కన్నా లోపల చల్లగా ఉంటుందని అనుకున్నాము. నిజానికి లోపలి గాలి వెచ్చగా, తేమగా ఉంది. కొద్దిసేపటికే అందరికీ చెమట పట్టింది. ఏడాది పొడవునా గుహలోని వాతావరణంలో పెద్దగా మార్పు ఉండదట. దీపాలను నేరుగా కళ్ళలో పడకుండా రాళ్ళ వెనుక అమర్చారు. నడిచే దారికి ఇరువైపులా కమ్మీలు ఉన్నాయి. కప్పు నుండి దిగిన ఊడలు, తెర వలె మడతలు పడిన సున్నపు పొరలు, పూలకోసు వలె గుత్తులు కట్టిన ముద్దలు ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చాయి. సింహం ఆకారంలో ఉన్న ఒక రాతిని మార్గదర్శి చూపించగా పిల్లలు కేరింతలు కొట్టారు.

ఒక మలుపు వద్ద మా చిన్నవాడు కమ్మీ సందులోంచి చేయి చాచి, అందుబాటులో ఉన్న ఒక సన్నని ఊడను పట్టుకోబోయాడు. మార్గదర్శి అతడి చేతిని మృదువుగా వెనక్కు తీసుకున్నాడు. తరువాత అందరినీ ఆపి వివరించాడు. మన చేతి చర్మం మీద ఎప్పుడూ కొంత జిడ్డు ఉంటుంది. అది రాతికి అంటుకుంటే ఆ చోట నీరు నిలువదు, సున్నం పేరుకోదు. రంగు మారి, ఎదుగుదల ఆగిపోతుంది. విరిగిన ఊడ మన కాలంలో, మన మనుమల కాలంలో కూడా తిరిగి మొలవదు.

పిల్లవాడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. బయటకు వచ్చే వరకు తీయలేదు.

చీకటిలోని నీరు

మెట్లు దిగుతూ, ఎక్కుతూ చివరకు సరస్సు వద్దకు చేరాము. ఈ గుహలో నాలుగు సరస్సులు ఉన్నాయి. వాటిలో పెద్దది సుమారు 800 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కలిగినది. అత్యధిక లోతు 15 మీటర్లు. అందులో దాదాపు 30 వేల ఘనపు మీటర్ల నీరు ఉన్నట్లు అంచనా. అంటే మూడు కోట్ల లీటర్లు. సందర్శకులకు కనిపించేది అందులో ఒక కొస మాత్రమే. దీపాల కాంతి చేరినంత మేర నీరు లేత ఆకుపచ్చగా, అద్దం వలె నిశ్చలంగా ఉంది. ఆ తరువాత చీకటిలో కలిసిపోయింది.

బయట మేము దాటివచ్చిన కొండల్లో గడ్డి పరక లేదు. వాగుల్లో గులకరాళ్ళు తప్ప మరేమీ కనిపించలేదు. ఆ ఎండిన కొండ కిందనే ఇంత నీరు. మేమెవ్వరమూ మాట్లాడలేదు. అక్కడ వినిపించినది ఒక్కటే శబ్దం. ఎక్కడో పైనుండి ఒక బొట్టు నీటిలో పడుతున్నది. కొంత విరామం. మళ్ళీ ఒక బొట్టు.

అమ్మీ కమ్మీని పట్టుకొని ఆ శబ్దం వింటూ నిలబడింది. "ఇది ఎప్పటి వాన నీరు?" అని అడిగింది. ఆ ప్రశ్న మార్గదర్శికి నచ్చింది. కొండ పైభాగంలో గుహకు మరొక ముఖం ఉన్నదని, అరుదుగా భారీ వానలు కురిసినప్పుడు వరద అక్కడి నుండి లోపలికి ప్రవేశించి గుహ పొడవునా ప్రవహించి వస్తుందని చెప్పాడు. అటువంటి సమయాల్లో ఈ నిశ్చలమైన గుహ ఒక నది అవుతుంది. మామూలు రోజుల్లో మాత్రం పగుళ్ళ గుండా ఇంకే నీరు చుక్క చుక్కగా చేరుతూ ఉంటుంది. ఈ క్షణాన పడిన బొట్టు ఏ సంవత్సరం కురిసిందో చెప్పడం కష్టమని అన్నాడు.

కళ్ళు లేని చేపలు

నీటి అంచున దీపం వేసి చూపగా, వేలెడంత పొడవున్న లేత గులాబీ రంగు చేపలు కొన్ని కదిలాయి. వాటికి కళ్ళు లేవు. ఈ జాతి చేపలు ఒమన్ కొండవాగుల్లో కూడా ఉన్నాయి. వెలుతురులో జీవించే వాటికి కళ్ళూ ఉన్నాయి, రంగూ ఉంది. గుహలోని పిల్ల చేపలకు మొదట చిన్న కళ్ళు ఉంటాయి. పెరిగేకొద్దీ అవి క్షీణించి, చర్మం కప్పేస్తుంది. చూడవలసిన వెలుగు లేని చోట చూపు నిలువలేదు. స్పర్శతోనూ, నీటి కదలికను పసిగట్టే శక్తితోనూ అవి ఆహారం వెతుక్కుంటాయి.

వెలుతురు లేని చోట మొక్క మొలవదు. మరి ఈ జీవులకు ఆహారం ఎలా? గబ్బిలాలు రాత్రివేళ బయటకు వెళ్ళి పురుగులను తిని తిరిగి వస్తాయి. వాటి రెట్టలు, వరద మోసుకొచ్చే ఆకులు, చెత్త ఇక్కడి జీవులకు ఆధారం. సాలెపురుగులు, నత్తలు, నీటి పురుగులు కూడా ఈ చీకటిలో బతుకుతున్నాయి. పైన ఉన్న వాగులో ఎవరైనా చమురో, మురికో పారబోస్తే అది కూడా ఇదే దారిన వచ్చి చేరుతుంది. సున్నపురాతి నేలలో నీరు ఇసుకలో లాగా మెల్లగా వడకట్టబడదు. పగుళ్ళ వెంట వేగంగా ప్రయాణిస్తుంది. పైవాడు పారబోసినది కిందివాడు తాగవలసి వస్తుంది.

రాతిలో దాగిన వానల లెక్క

ఈ గుహకు శాస్త్రలోకంలో ఉన్న పేరు మరొక కారణం వల్ల వచ్చింది. ఇక్కడి సున్నపు మొలకలను కోసి పరిశీలించిన శాస్త్రవేత్తలు వాటిలో చెట్టు వలయాల వంటి పొరలను చూశారు. ఆ పొరల్లో సూక్ష్మ పరిమాణంలో ఉన్న యురేనియం క్రమంగా థోరియంగా మారే వేగాన్ని బట్టి ప్రతి పొర వయసును లెక్కించారు. 2001లో ప్రచురితమైన ఆ పరిశోధన ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. మొలకలు ఎల్లప్పుడూ ఒకే రీతిలో పెరగలేదు. గడచిన మూడు లక్షల పైచిలుకు ఏళ్ళలో కొన్ని కాలాల్లో మాత్రమే బాగా పెరిగి, మధ్యలో వేల సంవత్సరాలు ఆగిపోయాయి. చివరిసారి బాగా పెరిగింది సుమారు 10,500 ఏళ్ళ క్రితం మొదలై 6,000 ఏళ్ళ క్రితం వరకు.

ఆ కాలాల్లో ఇక్కడ వానలు సమృద్ధిగా కురిశాయని దాని అర్థం. ఆ వానలు ఎక్కడివి? మన తెలుగు నేలకు ఏటా జూన్‌లో వచ్చే ఆ నైరుతి రుతుపవనాల వ్యవస్థే ఆనాడు మరింత ఉత్తరానికి విస్తరించి ఈ కొండలను తడిపింది. నేడు ఆ వేసవి రుతుపవనం ఒమన్‌లో దక్షిణాన సలాలా పరిసరాల్లోని ధోఫార్ కొండలను మాత్రమే తాకుతుంది. అల్ హమ్రా వైపు దాని జాడ లేదు.

మేము ఈ విషయం చెప్పినప్పుడు అమ్మీ కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే మన వాన ఒకప్పుడు వీళ్ళకు కూడా వచ్చేదన్న మాట. తరువాత రావడం మానేసింది" అన్నది. ఆ మాటల్లోని చివరి భాగం మాకు కొంచెం భయం కలిగించింది. వాన మన హక్కు అని అనుకుంటాము. అది కూడా ఇచ్చి తీసుకోగలిగినదేనని ఈ రాతిలో రాసి ఉంది.

పంచుకున్న నీరు

గుహ నుండి బయటకు వచ్చి, జుహర్ నమాజు చేసుకొని, అల్ హమ్రాకు కొద్ది దూరంలో కొండవాలున ఉన్న మిస్ఫాత్ అల్ అబ్రీయీన్ అనే పాత గ్రామానికి వెళ్ళాము. అక్కడ ఖర్జూర తోటల మధ్య ఒక సన్నని కాలువలో నీరు గలగలా పారుతున్నది. ఒమన్‌లో ఈ కాలువలను ఫలజ్ అంటారు. కొండ అడుగున ఉన్న ఊటను గాని, భూగర్భ జలాన్ని గాని కేవలం వాలు ఆధారంగా, ఏ యంత్రమూ లేకుండా ఊరికి చేర్చే ఏర్పాటు ఇది. దేశంలో నేటికీ మూడు వేలకు పైగా ఫలజ్‌లు పనిచేస్తున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భూగర్భ సొరంగాల ద్వారా వచ్చేవాటిని దావూదీ ఫలజ్‌లు అంటారు. దావూద్ ప్రవక్త కుమారులైన సులైమాన్ ప్రవక్త (అలై) వీటిని తవ్వించారని ఇక్కడి ప్రజల్లో ఒక జనశ్రుతి ఉంది.

తవ్వకం కన్నా పంపకం మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకుంది. కాలువ ఊరిలోకి ప్రవేశించే మొదటి చోట తాగడానికి మాత్రమే నీరు పట్టుకుంటారు. ఆ తరువాత మసీదులో వుజూకు, స్నానాలకు. ఆపైననే తోటలకు. తోటలకు నీరు వంతుల ప్రకారం. పూర్వం పగలు నీడ గడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతు లెక్కించేవారు. నీటి వాటాను అనుభవించవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. కాలువను మాత్రం ఎవరూ తనదని మూసివేయలేరు.

అమ్మీ గట్టు మీద కూర్చొని పాదాలు నీటిలో పెట్టింది. నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములన్న దైవప్రవక్త (స) బోధను అబ్బా తరచూ గుర్తుచేసేవారని చెప్పింది. మా బావి గట్టున అబ్బా ఒక తాడు, ఒక చేద ఎప్పుడూ ఉంచేవారు. అవి అరిగితే కొత్తవి తెచ్చేవారు. ఆ చుట్టుపక్కల ఉన్న ఏడు ఇళ్ళవారు ఇప్పటికీ వేసవిలో ఆ బావి నీళ్ళే తోడుకుంటారు. ఈ సంగతి మాకు తెలియనిది కాదు. అయితే చేను ధర లెక్క వేసినప్పుడు మేము దానిని లెక్కలోకి తీసుకోలేదు.

మన ఊరి బిలం

తిరుగు ప్రయాణంలో పిల్లలు నిద్రపోయారు. అమ్మీ మాత్రం మెలకువగా ఉంది. "మన బెలుం గుహ కూడా ఇట్లాంటిదేనా?" అని అడిగింది.

మా ఊరికి ఎంతో దూరం లేని బెలుం గుహలను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె చిన్నతనంలో అది చెత్త పారబోసే గొయ్యి. పాములుంటాయని పిల్లలను ఆ దరికి పోనిచ్చేవారు కాదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ గుహలను గురించి రాశారు. 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ పరిశోధకులు లోపలికి దిగి కొలతలు తీశారు. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 2002లో ప్రజల సందర్శనకు తెరిచారు. అన్నిటికన్నా లోతైన చోట పాతాళగంగ అనే నీటి పాయ ఉంది. ఆ నీరు రాతిలోకి మాయమై ఎటో వెళుతుంది. బెలుం ఊరి బావిలోకి చేరుతుందని అక్కడివారి నమ్మకం.

ఇవన్నీ మేము చెప్పాము. అమ్మీ విని, "మన చేను కింద కూడా అదే రాయి. ఆ రాతిలో కూడా నీళ్ళు ఇట్లే నడుస్తుంటాయేమో. ఎవరు చూశారు?" అన్నది.

మేము జవాబు చెప్పలేదు. గని నీటిమట్టం కన్నా లోతుకు పోతే, రాళ్ళు తీయడానికి నీటిని మోటార్లతో బయటకు తోడవలసి వస్తుంది. అప్పుడు చుట్టుపక్కల బావుల్లో నీరు దిగిపోవచ్చు. ఏ పగులు ఏ బావికి దారి అన్నది పైనుండి చూసి ఎవరూ చెప్పలేరు. ఆ ఉదయమే గుహలో మార్గదర్శి నోట విన్న విషయాలకు ఇది కొనసాగింపే.

ఆ తొమ్మిది రోజుల్లో పత్రం మాట మేము ఎత్తలేదు. విమానాశ్రయానికి బయలుదేరే ముందు అమ్మీ పెట్టెలోంచి దానిని తీసి మా చేతికి ఇచ్చింది. సంతకం లేదు. "మహర్ నాది. నేల నాది. కానీ బావి నా ఒక్కదానిది కాదు బేటా. అందులో నీళ్ళున్నన్నాళ్ళు నన్ను అడగవద్దండి" అన్నది. కోపంగా అనలేదు. మనుమడి నెత్తి మీద చేయి వేసి, వచ్చే సెలవుల్లో బెలుం గుహకు తీసుకుపొమ్మని, మెట్లు ఎన్ని ఉన్నా తానూ దిగుతానని చెప్పింది.

తమ్ముడి అప్పు ఇంకా ఉంది. దానికి మరొక దారి వెతకవలసి ఉంది. అది మా పని.

పాఠకులకు ఒక మాట. ఒమన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు ఈ గుహను తప్పక చూడవచ్చు. వృద్ధులను తీసుకువెళితే మెట్ల సంగతి ముందే ఆలోచించుకోండి. జారని పాదరక్షలు, పలుచని దుస్తులు మేలు. ఆకాశంలో మబ్బు పట్టిన రోజున వాగులు దాటే సాహసం చేయవద్దు. అక్కడి వరద క్షణాల్లో వస్తుంది. రాయలసీమ వైపు వెళ్ళేవారు బెలుం గుహలను కూడా చూడండి. రెండు చోట్లా పిల్లలకు ముందుగానే చెప్పండి: కళ్ళతో చూడాలి, చెవులతో వినాలి, చేతులు మాత్రం జేబుల్లోనే ఉండాలి.